డి డ్రైవ్‌లో గఫూర్ సాబ్ అక్షరాలు

నేను రిటైరయ్యానని చెబితే ఎదుటివాళ్ళు ముందు నా మొహం చూస్తారు, తర్వాత జుట్టు చూస్తారు. జుట్టు నల్లగానే ఉంది, రంగు వెయ్యలేదు. నలభై ఇంకా నిండలేదు. అసలు సంగతేమిటంటే, నా పనే నాకంటే ముందు రిటైరైపోయింది. లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందుగదిలో తొంభైల చివర తెరిచిన కంప్యూటర్ రిపేరు దుకాణాన్ని, రిపేరు కంటే కొత్తది కొనడం నయమనే రోజులు రాగానే మూసేశాను. వీడ్కోలు సభ జరగలేదు. షట్టరు దించుతుంటే పక్కనున్న మిర్చి బజ్జీల ఆయన, "ఇగ ఈ జాగ నాకిస్తవా అన్నా?" అని అడిగాడు. నా వృత్తి జీవితానికి దక్కిన సన్మానం అదే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, ఏం నేర్చుకోవాలని. వైర్ల సంగతి పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. మా పనిలో సగం, నోట మాట పడిపోయిన మనుషుల ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడటం.

కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు ఒక బీప్ వస్తుంది. తర్వాత నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు పరుగెడతాయి. ఆ తర్వాత రంగుల తెర రావాలి. హార్డ్‌డిస్కు దొరకలేదనుకోండి, ఆ నల్లతెర దగ్గరే బండి ఆగిపోతుంది. సిస్టమ్ డిస్కు పెట్టి ఎంటర్ నొక్కమని ఒక వాక్యం కనబడుతుంది. ఉండాల్సిన డిస్కు ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పదు. ఆ ఒక్క వాక్యం చూసి ఏడ్చినవాళ్ళను చూశాను, అల్లుణ్ణి తిట్టినవాళ్ళను చూశాను, నిమ్మకాయ తిప్పి దిష్టి తీసినవాళ్ళను చూశాను. చెప్పిన ప్రకారం ఎంటర్ నొక్కినవాళ్ళే తక్కువ.

అఫ్జల్‌గంజ్ మేడ మీద

సొంత దుకాణానికి ముందు నేను అఫ్జల్‌గంజ్‌లో ఒక మేడ మీద ప్రసాదరావు గారి దగ్గర పనిచేశాను. గుంటూరు వైపు మనిషి. హైదరాబాదు వచ్చి చాలా ఏళ్ళయినా ఆయన యాస మూసీ దాటలేదు. కంప్యూటర్ వస్తే ముందు క్యాబినెట్‌కు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. మొదటిసారి చూసినప్పుడు ఆయన నిద్రపోయాడేమోనని భుజం తట్టాను.

"ముందు వినవయ్యా. తర్వాత చూడు. ఆఖరికి విప్పు. మీరంతా ముందు విప్పేసి, తర్వాత ఏం విప్పారో వెతుక్కుంటారు," అన్నాడు.

ఒక రోజు పార్సిలు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. హార్డ్‌డిస్కు చచ్చిపోయిందట. మేం వెళ్ళేసరికి సిబ్బంది అంతా గోడల వెంట వరసగా నిలబడి ఉన్నారు. మేనేజరు కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరో ఆయనకు గ్లాసుతో నీళ్ళిస్తున్నారు. కంప్యూటర్ బదులు ఒక మనిషిని పడుకోబెట్టి ఉంటే నేను చెప్పులు బయటే విడిచేవాణ్ణి.

ప్రసాదరావు గారు ముందుకు వంగి చూశాడు. ఫ్లాపీ డ్రైవులో ఎవరో ఫ్లాపీ వదిలేశారు. మెషిను ముందు దాన్ని చదవబోయి, అందులో ఏమీ లేక అలిగి కూర్చుంది. అంతే. బటన్ నొక్కి ఫ్లాపీ తీసేస్తే అయిపోయేది. ఆయన ఆ ఫ్లాపీని ఎవరూ చూడకుండా తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత తాపీగా క్యాబినెట్ విప్పాడు. దుమ్ము ఊదాడు. కేబుళ్ళు పీకి మళ్ళీ పెట్టాడు. చాలాసేపు తర్వాత ఆన్ చేస్తే రంగుల తెర వచ్చింది. మేనేజరు లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు.

తిరిగొస్తుంటే నేను ఆగలేక అడిగాను. "సార్, ఒక్క బటన్ పనికి అంత డ్రామా ఎందుకు?"

"డ్రామా నాది కాదయ్యా, వాళ్ళది. అంత ఏడుపు ఏడ్చాక ఒక్క బటన్ నొక్కి చూపిస్తే ఆ మేనేజరు రేపు ఆఫీసులో తలెత్తుకుంటాడా? వాళ్ళ గాభరాకి తగ్గ పని చెయ్యాలి మనం. మర్యాద."

అప్పుడు నాకు అది మోసంలా అనిపించింది. ఇప్పుడూ సగం అలాగే అనిపిస్తుంది. మిగతా సగం గురించి చివర్లో చెబుతాను.

ఆయన దగ్గర నేర్చుకున్న రెండో పాఠం ఆయన తప్పు వల్లే వచ్చింది. ఒక వకీలు గారి డిస్కు గరగరమంటూ ఎలాగో లేచింది. ప్రసాదరావు గారికి సంతోషం పట్టలేదు. "చూశారా, లేచింది!" అని ఆపి మళ్ళీ ఆన్ చేసి చూపించాడు. వకీలు గారి గుమాస్తా వస్తే అతనికీ చూపించాడు. వకీలు గారి భార్య వచ్చింది. ఆమెకు చూపించబోతే లేవలేదు. ఇక ఎప్పటికీ లేవలేదు. మేడ మెట్లు దిగుతూ ఆయన ఒక్క మాటే అన్నాడు. "చావుబతుకుల్లో ఉన్న డిస్కు ఒక్కసారి లేస్తే, ఆ ఒక్కసారీ కాపీ చేసుకోవడానికే శ్రీనివాసూ. చూపించుకోవడానికి కాదు."

నాకు తెలిసిన ఇంజినీరింగు అంతా ఈ రెండు పాఠాలే. మిగతాది స్క్రూలు.

స్కూటర్ మీద వచ్చిన పేషెంటు

నేను దుకాణం పెట్టిన కొన్నేళ్ళకు, పెళ్ళిళ్ళ కాలంలో ఒక పొద్దున, స్కూటరొకటి వచ్చి ఆగింది. నడిపేది నర్సింహ. వెనక కూర్చున్నది ముజీబ్. ఇద్దరి మధ్య, దుప్పటిలో చుట్టిన క్యాబినెట్. దాన్ని ముజీబ్ రెండు చేతులతో ఎలా పట్టుకున్నాడంటే, దారిలో రెండు చోట్ల జనం జరిగి దారిచ్చారట, ఆసుపత్రికేమోనని.

ఈ ఇద్దరూ ఛత్తాబజార్‌లో పెళ్ళికార్డులు వేసే భాగస్తులు. తెలుగు కార్డులు నర్సింహవి, ఉర్దూ కార్డులు ముజీబ్‌వి. దుకాణంలో ఒక గోడకు అమ్మవారి పటం, ఎదురు గోడకు మక్కా పటం. మధ్యలో ఒకటే కంప్యూటర్. వాళ్ళిద్దరూ ఒకరి దేవుడి గురించి ఒకరు మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఒకరి పండక్కి ఒకరు దుకాణం చూసుకుంటారు, అంతే.

"శ్రీనన్నా, లేస్తలేదన్నా," అన్నాడు నర్సింహ. చెమటలు కారుతున్నాయి. "నల్లగ అయి కూసున్నది. ఏందేందో ఇంగ్లీషుల రాస్తున్నది."

"ఖలాస్ అయింది భాయ్," అన్నాడు ముజీబ్, ఇంకా క్యాబినెట్ వదలకుండా.

"అది బల్ల మీద పెడితే ఖలాస్ అయిందో లేదో చూద్దాం," అన్నాను.

ముందు ఫ్లాపీ చూశాను. లేదు. మనసులో ప్రసాదరావు గారికి ఒక దండం పెట్టుకుని చెవి ఆనించాను. డిస్కు తిరుగుతోంది. తిరిగి, లోపల టిక్కు టిక్కుమని ఆగిపోతోంది. కేబులు మార్చాను. కరెంటు వైరు మార్చాను. సెట్టింగుల్లోకి వెళ్ళి డిస్కును వెతకమంటే, ఏ డిస్కూ లేదని చెప్పింది. కళ్ళ ముందు కనబడుతోంది, చేతికి తగులుతోంది, మెషినుకు మాత్రం లేదు.

"ఇందులో ఏముంది?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అబ్బాజాన్," అన్నాడు ముజీబ్.

ముజీబ్ నాన్న గఫూర్ సాబ్ ఉర్దూ అందంగా రాసే కాతిబ్. రెల్లు కలంతో ఆయన రాసిన పేర్లు లేకుండా మా వైపు చాలా ఇళ్ళలో పెళ్ళి జరగదు. కంప్యూటర్లో ఉర్దూ అక్షరాలు వచ్చాక కూడా జనం గఫూర్ సాబ్ రాతే కావాలనేవారు. కొన్నాళ్ళకు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. పూర్తిగా వణకకముందే ముజీబ్ ఒక పని చేశాడు. నాన్న చేత వాడుక పేర్లన్నీ, ప్రార్థన వాక్యాలన్నీ, విందు పిలుపులన్నీ రాయించి, స్కాన్ చేసి, డిస్కులో పెట్టాడు. తర్వాత గఫూర్ సాబ్ కలం పక్కన పెట్టేశారు. రెండేళ్ళుగా ఆయన రాతే కార్డుల మీద పోతోంది. ఆయన మాత్రం ఇంట్లో ఉంటున్నారు.

"సరే, రాసిన కాగితాలు ఉన్నాయి కదా. మళ్ళీ స్కాన్ చేద్దాం."

"లేవు భాయ్."

"ఏమయ్యాయి?"

"పాక్ మాటలు, దేవుని మాటలు రాసిన కాగితాలు, చెత్తల ఎట్ల ఏస్తం? కాలి కింద పడితే? మసీదుల డబ్బా ఉంటది గదా, అండ్ల ఏసినం. వాళ్ళు ఇజ్జత్‌గ తీస్కపోయి మట్టిల పెడతరు." 

భక్తిగా, పద్ధతిగా, ఒక్క కాగితం కూడా మిగల్చకుండా ఒరిజినల్స్‌ను ఖననం చేసినవాళ్ళను నా వృత్తిలో అప్పుడే చూశాను.

"బ్యాకప్?" అన్నాను, చివరి ఆశగా.

నర్సింహ మొహం వెలిగింది. "గదెందుకు లేదన్నా! నేనే తీసిన. రెండు కాపీలున్నయి."

"దేవుడా. ఎక్కడ?"

"ఒకటి సి డ్రైవ్‌ల, ఒకటి డి డ్రైవ్‌ల."

కొత్తగా వచ్చే తమ్ముళ్ళకు తెలియకపోతే చెబుతున్నాను. సి, డి అనేవి రెండు పెట్టెలు కావు. ఒకే పెట్టెలో రెండు అరలు. ఆ పెట్టె నా బల్ల మీద టిక్కు టిక్కుమంటోంది. ఆ సంగతి చెప్పాక నర్సింహ స్టూలు మీద కూర్చోబోయాడు. స్టూలు అక్కడ లేదు. ముజీబ్ నవ్వలేదు. అప్పుడు అర్థమైంది పరిస్థితి ఎంత విషమించిందో.

ముగ్గురూ ఒకే మాట, విడివిడిగా

మర్నాడు వాళ్ళ దుకాణంలో కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి ఛత్తాబజార్ వెళ్ళాను. ఎండకు మెషిను వేడెక్కుతుందని వాళ్ళు క్యాబినెట్ మూత ఏనాడో తీసేసి, దానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. ఆ రోజుల్లో పాతబస్తీలో సగం కంప్యూటర్లు అలాగే చొక్కా విప్పుకుని పనిచేసేవి.

కంప్యూటర్ లేని బల్ల ముందు గఫూర్ సాబ్ కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన షేర్వానీ, కళ్ళకు సుర్మా, ముందు సిరా బుడ్డి. నర్సింహ కాగితం కదలకుండా పట్టుకున్నాడు. ముజీబ్ సిరా బుడ్డి పట్టుకున్నాడు. పెద్దాయన రాస్తున్నారు. చెయ్యి వణుకుతోంది, దాంతోపాటు గీత వణుకుతోంది. అయినా ఆయన మొహంలో పండగ ఉంది.

అది సైదాబాద్ పెళ్ళి కార్డు మొదటి ప్రార్థన వాక్యం, పేర్లదాకా ఇంకా రాలేదు. పెళ్ళికూతురి మేనమామ వచ్చి చేతిలోకి తీసుకున్నాడు. పెద్ద నోరున్న మనిషి.

"క్యా గఫూర్ సాబ్, చలికాలంల రాసిండ్రా ఏంది?" అని నవ్వాడు. తర్వాత ముజీబ్ వైపు తిరిగి, "మా ఇంట్ల మూడు తరాల కార్డులు సాబ్ రాతే. పాత రాత కావాలె భాయ్ మాకు. కంప్యూటర్‌ల ఉన్నది గదా, గది. ఇయ్యాళ జుమేరాత్, గురువారం. శనివారం నాటికి కాకపోతే ఇంకొకల్ల దగ్గర ఏపిచ్చుకుంట," అన్నాడు.

గఫూర్ సాబ్ కూడా నవ్వారు, అందరికంటే ముందుగా. "సహీ బాత్. పాతదే మంచిగుంటది," అని కలాన్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టారు. చాలాసేపు తుడిచారు.

నేను బయల్దేరుతుంటే నర్సింహ వెంట వచ్చి, స్కూటర్ల చాటుకు లాగాడు.

"అన్నా, నీకొక ముచ్చట చెప్పాలె. ముజీబ్‌కు చెప్పొద్దు. నా మీద ఒట్టు."

"చెప్పు."

"దసరనాడు మెషిన్లకు పూజ జేస్తం గదా. కటింగు మెషినుకు బొట్టు పెట్టిన, ప్రింటరుకు పెట్టిన. కంప్యూటర్‌కు పైన డబ్బకు పెడితె ఏం ఫాయిదా, అసలు దేవుడు లోపలుండె గదా అని..." గొంతు తగ్గించాడు. "హార్డ్‌డిస్కుకే పెట్టిన. పసుపు కుంకుమ. పచ్చ పలక ఉంటది సూడు, దానికి. నీళ్ళతోని."

"కొబ్బరికాయ?" అన్నాను.

"గది బయట్నే కొట్టినన్నా!" అన్నాడు, అవమానపడి.

సందు మలుపు తిరిగానో లేదో వెనకనుంచి ముజీబ్ పరుగెత్తుకొచ్చాడు. చాయ్ తాగుదామని పట్టుబట్టి హోటల్లోకి తీసుకుపోయాడు. చాయ్ వచ్చింది. అతను తాగలేదు.

"భాయ్, నర్సింహకు తెల్వొద్దు. వానికి తెలిస్తె నా దిల్ పగుల్తది. కసూర్ నాదే."

"ఏం చేశావు?"

"జుమేరాత్ జుమేరాత్ లోబాన్ ఆయన ఒస్తడు గదా, దుకాన్‌కు పొగ ఏస్తడు. మా దుకాన్ మీద నజర్ పడ్డది భాయ్, నాకు తెలుసు. పోయిన నెల ఆయనను కంప్యూటర్ లోపలికి గుడ ఏయమన్న. మంచిగ విసిరిండు. ఫ్యాను గుడ ఉండె, మొత్తం లోపలికి పీక్కున్నది. సుభానల్లా, దుకాన్ అంత ఖుష్బూ."

నేను చాయ్ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాను. నాలుక కాలింది. అలా తాగింది చాయ్ మీద ఇష్టంతో కాదు.

ఆ మధ్యాహ్నం నా దుకాణం ముందు ఆటో ఆగింది. దిగింది గఫూర్ సాబ్. ఒక్కరే. ఆయనకు కుర్చీ వేస్తూనే నాకు అర్థమైపోయింది.

"బేటా," అన్నారు, "పిల్లలకు చెప్పొద్దు."

"చెప్పను సాబ్. ఎప్పుడు, ఏం పెట్టారో అది చెప్పండి చాలు."

ఆయన ఆశ్చర్యపోయారు. "నీకెట్ల తెలుసు?"

"మా పనిలో తెలుస్తుంది సాబ్." తెలియదు. కానీ ఆ రోజుకు మాత్రం తెలుసు.

"ఈద్ నాడు దుకాన్‌కు పోయిన. నా అక్షరాలన్ని దాని లోపలనే ఉన్నయన్నరు. రెండేండ్లు అయింది చూడక. కనపడయి గదా అవి. ఒక దూదిల అత్తరు ముంచి పచ్చగున్న దానికి జెర్ర రాసిన. ముషాయిరాల కవిత్వం చదవబోయేటోన్ని సుత అత్తరు రాసి పంపిస్తం గదా, గట్ల."

కుంకుమ, లోబాను, అత్తరు. మా వైపు ఒక మనిషికి జరగాల్సిన గౌరవాలన్నీ ఆ డిస్కుకు జరిగిపోయాయి. పూలదండ ఒక్కటే తక్కువ.

గఫూర్ సాబ్ బల్ల మీది డిస్కును చూస్తున్నారు. "బాగు గాకపోతె ఏమైతది బేటా?"

"అక్షరాలు పోతాయి సాబ్."

"పోతె?"

"మళ్ళీ రాయాలి."

ఆయన కుడి చేతిని ఎడమ చేతిలోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. పొద్దున ఆ బల్ల ముందు ఆయన మొహం నాకు గుర్తొచ్చింది. ఆ డిస్కు లేవకపోతే ఆయన రాతలోని అందం లోకంలోంచి పోతుంది. లేస్తే ఆయన మళ్ళీ ఇంటికి పోతారు. ఈ పనిలో నేను చూసిన అన్ని ఎర్రర్లలోకీ దీనికి మాత్రం ఏ మీట నొక్కాలో నాకు తెలియలేదు. కాబట్టి తెలిసిన పని మొదలుపెట్టాను.

రబ్బరు

డిస్కు తిరుగుతోంది, అంటే లోపలి మోటారు బతికే ఉంది. టిక్కుమంటోంది, అంటే చదివే సూది దారి వెతుక్కుంటోంది. మరి లోపలి పెట్టెకూ బయటి పచ్చ పలకకూ మధ్య మాటలు తెగి ఉండాలి. చాలామంది ఇక్కడ డిస్కు పెట్టెనే విప్పేస్తారు. విప్పకండి. లోపలికి ఒక్క దుమ్ము రేణువు పోతే పని అయిపోతుంది. పచ్చ పలక మాత్రం బయట ఉంటుంది. నక్షత్రం ఆకారపు స్క్రూలు తీస్తే పలక చేతిలోకి వచ్చేస్తుంది.

వచ్చింది. ఒక మూల ఎర్రటి మరక. మొత్తం మీద సన్నటి మసి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీ అత్తరు. వెనక్కి తిప్పి చూస్తే, లోపలి పెట్టెతో కలవాల్సిన చిన్న చిన్న మెరుపు చుక్కలన్నీ నల్లబడి ఉన్నాయి.

ఆ చుక్కలకు మందు స్కూలు పిల్లల పెన్సిలు రబ్బరు. ఇంతకు మించిన పరికరం ఏదీ లేదు. దుకాణమంతా వెతికాను. స్క్రూడ్రైవర్లు పదిరకాలున్నాయి, రబ్బరు లేదు.

"ఇదా?" అన్నారు గఫూర్ సాబ్. షేర్వానీ జేబులోంచి ఒక రబ్బరు తీశారు, అరిగి బఠాణీ గింజంతైంది. "రాసే ముందు పెన్సిల్‌తో లకీర్ గీస్త, తర్వాత తుడుస్త. పొద్దున తెచ్చిన, పని పడతదని."

ఆ రబ్బరుతోనే రుద్దాను. ఒక్కో చుక్క మెల్లగా బంగారు రంగులోకి వచ్చింది. పలక బిగించేసరికి ఫోను చేసి పిలిచిన భాగస్తులిద్దరూ వచ్చారు. వస్తూనే ఇద్దరూ నా కళ్ళలోకి చూశారు, చెప్పలేదు కదా అన్నట్టు. లోపల పెద్దాయనను చూసి ఆగిపోయారు. ఆయన కూడా నన్ను అలాగే చూశారు. చిన్న గది. అందులో ముగ్గురు దోషులు, ఒక జడ్జీ. జడ్జీ చేతిలో రబ్బరు.

పక్కన ఇంకో డిస్కు తగిలించి ఆన్ చేశాను. బీప్. టిక్కు లేదు. నల్లతెర మీద డిస్కు పేరు కనబడింది.

ముజీబ్ అరిచాడు. నర్సింహ నన్ను కౌగిలించుకున్నాడు. "తెరువు అన్నా, తెరువు! ఒక్కటన్న సూపెట్టు!"

"చేతులు తీయండి," అన్నాను. ప్రసాదరావు గారి వకీలు కేసు నా కళ్ళ ముందు ఆడుతోంది. ఒక్క బొమ్మ కూడా తెరవకుండా కాపీ పెట్టాను. తెర మీద నీలం గీత నత్తలా కదిలింది. దాన్ని ముగ్గురూ నిలబడి చూశారు. కరెంటు పోతే ఎలా అని నాలుగుసార్లు అడిగాడు నర్సింహ. పోతే నీ బొట్టు సంగతి ఇక్కడే బయటపెడతాను అన్నట్టు చూశాక ఊరుకున్నాడు.

కాపీ పూర్తయ్యాక, కొత్త డిస్కులోంచి మొదటి బొమ్మ తెరిచాను. గఫూర్ సాబ్ అక్షరాలు తెర నిండా నల్లగా, నున్నగా పరుచుకున్నాయి. ముజీబ్ కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దాయన దగ్గరకు వంగి చూశారు.

"ఈ నూన్ అక్షరం కడుపు వంకర ఉన్నది," అన్నారు. "గప్పుడే తీసెయ్యమన్న గదరా."

"కారణం ఏందన్నా?" అన్నాడు నర్సింహ, ఇటు చూడకుండా.

నిజమే చెప్పాను. ఈ రకం డిస్కులకు ఆ చుక్కలు వాటంతట అవే నల్లబడతాయి. ఏసీ గదుల్లో, పూజలూ పొగలూ లేని ఆఫీసుల్లో కూడా ఇలాంటివి చూశాను. ఎవరి తప్పూ లేదు. ముగ్గురూ తలలూపారు. ముగ్గురిలో ఒక్కరూ నమ్మలేదు. ప్రతివాడూ తనను కాపాడటానికి నేను అబద్ధమాడాననుకుని నాకు కృతజ్ఞతతో దండం పెట్టాడు. నేను ఆ పనిలో చెప్పిన అసలైన నిజాలన్నిటికీ ఇదే గతి పట్టింది. తర్వాతి దసరాకు బొట్టు బల్లకే ఆగింది. లోబాను గడప దగ్గరే ఆగింది. ఎందుకని ఒకరినొకరు అడగలేదు.

డిస్కులో లేని పేరు

సీడీలు రెండు రాసిచ్చాను. ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో ఉంచమన్నాను. గఫూర్ సాబ్ రబ్బరు తీసి జేబులో వేసుకున్నారు. "అచ్ఛా. ఇగ నేను చల్తా," అని లేచారు. షేర్వానీ గుండీలు సరిచేసుకున్నారు, పని అయిపోయిన ఉద్యోగిలా.

చెబుతానన్న మిగతా సగం ఇక్కడ ఉంది. వాళ్ళ గాభరాకి తగ్గ పని చెయ్యాలన్నాడు ప్రసాదరావు గారు. ఇద్దరి గాభరాకి చేశాను. మూడో మనిషికి నా దగ్గర స్క్రూలు లేవు. ఏం చెప్పాలో తెలియక, "సైదాబాద్ కార్డు ఇక్కడే తయారుచేసి పట్టుకుపో," అన్నాను ముజీబ్‌తో.

ముజీబ్ కూర్చున్నాడు. పెళ్ళికొడుకు పేరు దొరికింది. తండ్రుల పేర్లు దొరికాయి. ప్రార్థన వాక్యం దొరికింది. పెళ్ళికూతురి పేరు కోసం వెతికాడు. మళ్ళీ వెతికాడు.

"అబ్బా, అర్గవాన్ లేదు."

"అర్గవానా?" అన్నారు గఫూర్ సాబ్, గుమ్మం దగ్గర నుంచే. "పువ్వు పేరు. మంచి పేరు. నాతో రాయించలేదు గదా నువ్వు. గప్పుడెవ్వరు పెట్టుకునేటోల్లు ఆ పేరు?"

"వేరే పేర్లలోంచి ముక్కలు కోసి అతకొచ్చు కదా?" అన్నాను.

తండ్రీ కొడుకులు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఉర్దూ రాతలో ఒక అక్షరం పక్క అక్షరాన్ని బట్టి వంగుతుందట. కోసి అతికిస్తే అతుకు వేసిన పైజామాలా ఉంటుందట. నా జ్ఞానం నేను వెనక్కి తీసుకున్నాను.

"ఇగ ఎట్ల?" అన్నాడు నర్సింహ. ఎవరూ పెద్దాయన చేతిని చూడలేదు. చూడకపోవడం కూడా కనబడిపోతోంది.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఏదో గొప్ప ఆలోచన కాదు. రోజూ బొమ్మలు చిన్నవి చేసే పనే. "సాబ్, పెద్దగా రాయండి. నేను చిన్నగా చేస్తాను."

"ఎంత పెద్దగ?"

గోడకున్న క్యాలెండర్ నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక వైపు తిప్పి నేల మీద పరిచాను. "ఇంత."

ఆయన నన్ను చూశారు, కాగితాన్ని చూశారు. ఆయన జేబులో సిరా బుడ్డి ఉంది గానీ, కలం అంత పెద్ద రాతకు చాలదు. నర్సింహ పరుగెత్తి బయటి బజ్జీల బండి దగ్గర ఒక వెదురు పుల్ల తెచ్చాడు. ముజీబ్ దాన్ని చెక్కాడు. గఫూర్ సాబ్ షేర్వానీ విప్పి నా చేతికిచ్చి, నేల మీద కూర్చుని, చేత్తో కాదు, భుజంతో రాశారు. చెయ్యి వణికింది. గీత అంచు వణికింది. రాసి కళ్ళు మూసుకున్నారు.

స్కాన్ చేశాం. క్యాలెండర్ కాగితం స్కానరులో పట్టక రెండు ముక్కలుగా తీసి కలపాల్సి వచ్చింది. తర్వాత కార్డు మీద పట్టేంత చిన్నగా చేశాను. వణుకు కూడా అదే లెక్కన చిన్నదైపోయింది. అంత చిన్నదయ్యాక అది వణుకని ఎవరికీ తెలియదు. సిరా కొంచెం చిక్కగా ఉందనిపిస్తుంది.

ముజీబ్ కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. నేను కూడా కాసేపు జోకు వెయ్యలేకపోయాను. రికార్డు కోసం రాస్తున్నాను.

గఫూర్ సాబ్ తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా చూశారు. అర్గవాన్ చివర ఉన్న నూన్ కడుపును వేలితో చుట్టి చూశారు.

"ఇది సరిగ్గొచ్చింది," అన్నారు. తర్వాత ముజీబ్ వైపు తిరిగి, "రేపు దుకాన్ ఎన్నిగంటలకు తీస్తవ్?" అన్నారు.

ఆ తర్వాత పెద్దాయన రోజూ దుకాణానికి వచ్చేవారు. పాత నూన్లన్నీ మార్చేదాకా వదల్లేదు. కొత్త పేర్లు రాశారు, ఎవరూ పెట్టుకోని పేర్లు కూడా రాశారు, పెట్టుకుంటారేమోనని. మా సందులోని క్యాలెండర్లన్నీ నెల తిరగ్గానే ఆయన దగ్గరికి చేరేవి.

ఒక రోజు ఆ కాగితాల కట్ట ఒకటి, సీడీ ఒకటి పట్టుకుని నా దుకాణానికి వచ్చారు.

"మసీదు డబ్బాల ఏస్త," అన్నారు. "ముందుగాల ఇది తెరిసి చూడు."

సీడీ వేశాను. మొదటి బొమ్మ తెరిచాను, నడిమిది తెరిచాను, ఆఖరుది తెరిచాను. అన్నీ వచ్చాయి.

"ఉన్నాయి సాబ్. వేసెయ్యండి."

ఆయన కట్టను కళ్ళకు అద్దుకుని వెళ్ళిపోయారు. నా మొత్తం వృత్తి జీవితంలో, బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో ముందే వచ్చి చూపించుకున్న మనిషి ఆయన ఒక్కరే.